బండి నడిచింది సరే, డిప్‌స్టిక్ తీసి చూశారా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వంటనూనెతో డీజిల్ కారు నడుపుతున్న ఓ కుర్రాడి గురించి అర పేజీ వేశారు. ఫొటోలో అతను నవ్వుతూ నూనె డబ్బాను ట్యాంకులోకి వంచుతున్నాడు. మా అబ్బాయి పేపర్ మడతపెట్టి తెచ్చి, "నాన్నా, నీ కథ ఎవరో కాపీ కొట్టారు" అన్నాడు. నిజమే, కథ నాదే. కాకపోతే మీ విలేకరి ఇంటర్వెల్ దాకా చూసి హాల్లోంచి లేచి వచ్చేశారు. రెండో సగం నా దగ్గర ఉంది. ఉత్తరం కాస్త పొడుగైంది. చోటు చాలకపోతే ఏ ముక్కైనా తీసేయండి గానీ, ఇంజిన్ ఆయిల్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను 31 ఏళ్లు డీజిల్ పంపులు, ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే నాజిళ్లు బాగుచేసి బతికినవాణ్ని. ఇప్పుడు చూపు ఆనక మానేశాను. వంటనూనెతో బండి నడవదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. నడుస్తుంది. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. నడుస్తుందా లేదా అన్నది మొదటి రోజే తేలిపోతుంది. ఎన్నాళ్లు నడుస్తుంది, నడిచినన్నాళ్లూ లోపల ఏం జరుగుతుంది అన్న దాని మీద మీ వార్తలో ఒక్క వాక్యం కూడా లేదు.

నా ప్రయోగం నా సొంత బండి మీదే. నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ప్లంజర్ (ఇంధనాన్ని తోసే కడ్డీ) వరసగా ఉండే ఇన్‌లైన్ పంపు. ఇంధనం నేరుగా పిస్టన్ మీద పడకుండా ముందు హెడ్డులోని ఒక చిన్న గదిలో అంటుకునే రకం. ఇలాంటి మొండి ఇంజిన్లే ఈ పనికి కాస్త తట్టుకుంటాయి. మొదట పది లీటర్ల డీజిల్‌లో రెండు లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె కలిపాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. తర్వాత సగం సగం. ఎండలు ముదిరాక ఇంకా ధైర్యం వచ్చి మూడొంతులు నూనె, ఒక వంతు డీజిల్. ఇంజిన్ చప్పుడు మెత్తబడినట్టు అనిపించింది. నల్ల పొగ తగ్గింది. సైలెన్సర్ దగ్గర నిలబడితే ఎవరింట్లోనో పొయ్యి మీద మూకుడు పెట్టిన వాసన. పికప్ ఓ పిసరు తగ్గింది. తగ్గదా మరి, కిలో డీజిల్‌లో దాదాపు 43 మెగాజౌళ్ల శక్తి ఉంటే కిలో నూనెలో ఉండేది 37. అదేమీ నాకు పట్టలేదు. కనిపించిన ప్రతివాడికీ బానెట్ ఎత్తి చూపించాను. మీ ఫొటోలో ఆ అబ్బాయి మొహం మీద ఉన్న నవ్వు నాకు బాగా తెలుసు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే గీతల కడ్డీ) తీసిన ప్రతిసారీ ఇంజిన్ ఆయిల్ పై గీత దగ్గరే ఉండేది. చుక్క తగ్గట్లేదు. ఆయిల్ తాగని ఇంజిన్ అని మురిసిపోయాను. మెకానిక్‌ని అయ్యుండి కూడా, తగ్గాల్సింది ఎందుకు తగ్గట్లేదన్న అనుమానం రాలేదు. ఒకసారైతే గీత దాటి ఓ వేలెడు పైకే ఉంది. నేనే ఎక్కువ పోశాను కాబోలు అని సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు దూరం వెళ్లి వచ్చి, వేడి మీద ఉండగానే ఆయిల్ మారుద్దామని కింద పళ్లెం పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాను. ఆ పని చేసే ప్రతివాడికీ తెలుసు, చివరి చుట్టు దగ్గర వేడి ఆయిల్ మణికట్టు మీదుగా కారుతుందని చెయ్యి చటుక్కున లాక్కుంటాం. ఆ రోజూ లాక్కున్నాను. ఏమీ కారలేదు. బోల్టు ఊడి నా చేతిలో ఉంది, కన్నం తెరుచుకుని ఉంది, పళ్లెం పొడిగా ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి కెలికితే నల్లటి తీగ ఒకటి తుమ్మజిగురులా సాగింది. ఎంత లాగినా తెగలేదు. సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి చూస్తే అడుగున రెండంగుళాల మందాన పేరుకుపోయి ఉంది. ఆయిల్ పంపు జల్లెడ మూసుకుపోయింది. బేరింగులకు ఆయిల్ అందక క్రాంక్ మీద గీతలు పడ్డాయి. పిస్టన్ రింగులు గాడిలోనే అతుక్కుపోయి, బొటనవేలితో నొక్కినా కదల్లేదు. ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది. ఆ ముద్దలోంచి ఒక గుప్పెడు తీసి గాజు సీసాలో దాచాను. మా ఆవిడ ఎన్నిసార్లు పారేయబోయినా పడనివ్వలేదు.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక చూస్తే సంగతి చిన్నదే. సిలిండర్‌లోకి చిమ్మిన ఇంధనం నూటికి నూరు పాళ్లు మండదు. కొంచెం గోడలకు తగిలి, రింగుల సందుల్లోంచి జారి, కిందున్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. జారింది డీజిల్ అయితే ఇంజిన్ వేడికి అందులో చాలామటుకు మెల్లగా ఆవిరైపోతుంది. వంటనూనె ఆవిరి కాదు. జారిన ప్రతి చుక్కా అక్కడే ఉండిపోతుంది. నా డిప్‌స్టిక్ గీత తగ్గకపోవడానికి అదీ కారణం. ఇంజిన్ ఎంత ఆయిల్ తాగిందో అంత వంటనూనె వచ్చి చేరుతోంది. ఇక రోజూ వేడీ గాలీ తగులుతుంటే ఆ నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులు కడతాయి. వంటింట్లో స్టవ్ పక్క గోడ మీద పాత నూనె మరక ఉంటే గోటితో గీకి చూడండి. పసుపు పచ్చగా, బంకబంకగా, సబ్బుకి లొంగకుండా ఉంటుంది. నా సంప్‌లో రెండంగుళాల మందాన ఉన్నది అదే.

అన్ని నూనెలూ ఒకే వేగంతో ఇలా జిగురవ్వవు. దానికి అయోడిన్ విలువ అని ఒక కొలత ఉంది. అది ఎంత ఎక్కువుంటే అంత తొందరగా గట్టిపడుతుంది. అవిసె నూనెకి 170 దాకా, ఇంకా పైకి కూడా ఉంటుంది. దాన్ని రంగుల్లో, వార్నిష్‌లో వాడేది అందుకే. సన్‌ఫ్లవర్, సోయా 120, 130 ప్రాంతంలో ఉంటాయి. పామాయిల్ 50 చిల్లర. కొబ్బరినూనె 10 అటూ ఇటూ. అయితే పామాయిలో కొబ్బరినూనో పోసుకుంటే సరి అనుకునేరు. చలి తగిలితే అవి పైపులోనే గడ్డకడతాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

నాజిల్ సంగతి వేరే చెప్పాలి. మా బల్ల మీద నాజిల్ టెస్టర్ అని ఒక చేతి పంపు ఉంటుంది. దానికి నాజిల్ బిగించి పిడి నొక్కితే ప్రెషర్ మీటర్ ముల్లు లేస్తూ లేస్తూ ఒకచోట నాజిల్ తెరుచుకుని చిమ్ముతుంది. మంచి నాజిల్ డీజిల్‌ని పొగమంచులా చిమ్ముతుంది, చిమ్మేటప్పుడు కీచుమని కూస్తుంది. ఆ కూత చెవికి అలవాటైతే మీటర్ చూడక్కర్లేదు. నాకు పని నేర్పిన గురువుగారు అటు తిరిగి టీ తాగుతూనే "అది పోయిందిరా, మార్చు" అనేవారు. నా బండిలోంచి తీసిన నాజిల్‌ని బాగా శుభ్రం చేసి, మొదట డీజిల్‌తో నొక్కాను. కూసింది. తర్వాత సన్‌ఫ్లవర్ నూనెతో నొక్కాను. మూగబోయింది. మంచు బదులు సన్నటి ధార వచ్చి ఎదురుగా ఉన్న గాజు సీసా అడుక్కి తగిలింది. ధారగా పడింది సరిగ్గా మండదు. నాజిల్ మూతి చుట్టూ మాడి బొగ్గు కడుతుంది. బొగ్గు కట్టిన నాజిల్ ఇంకా లావు ధార పోస్తుంది, ఆ ధార ఇంకా ఎక్కువగా గోడలకు తగులుతుంది. అక్కడినుంచి సంప్ దాకా దారి పైన రాశాను.

దీనంతటికీ మూలం చిక్కదనం. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్. అదే వేడిలో వంటనూనెలు 30 నుంచి 40 దాకా ఉంటాయి, అంటే ఇంచుమించు పది రెట్లు. 80 డిగ్రీల దాకా కాస్తే బాగానే పల్చబడతాయి గానీ, అప్పటికీ డీజిల్ అంత పల్చన కావు. పంపులో ప్లంజర్‌కీ, అది కదిలే గొట్టం బారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుకి రెండు మూడింతలు. ఇన్‌లైన్ పంపు ఆ చిక్కటి నూనెను గొణుక్కుంటూనైనా తోస్తుంది. అన్ని సిలిండర్లకూ ఒకే తిరిగే భాగంతో ఇంధనం పంచే రోటరీ పంపుకి అంత ఓపిక లేదు, పైగా దాని లోపలి భాగాలకు ఆయిలింగ్ కూడా ఆ ఇంధనంతోనే. చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొట్టి లోపలి షాఫ్టు విరగ్గొట్టుకున్న పంపులు నా బల్ల మీదికి రెండు వచ్చాయి. రెండిట్లోనూ వంటనూనె వాసనే.

మీరు వార్త పక్కన బాక్స్ కట్టి, డీజిల్ మహాశయుడు తన ఇంజిన్‌ను వేరుశనగ నూనె కోసమే కనిపెట్టాడని వేశారు. ఈ మాట చాలాచోట్ల తిరుగుతోంది. రుడాల్ఫ్ డీజిల్ మొదట్లో బొగ్గుపొడితో కూడా నడపాలనుకున్నాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షకు నిలిచిన ఇంజిన్ పెట్రోలియం నూనెతో నడిచింది. వేరుశనగ నూనె సంగతి 1900 నాటి పారిస్ ప్రదర్శనలోది. ఫ్రెంచి ప్రభుత్వం కోరితే ఒట్టో (Otto) అనే కంపెనీ వాళ్లు ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని ఆ నూనెతో నడిపి చూపించారు. ఆఫ్రికాలోని తమ వలస ప్రాంతాల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి, అక్కడికి బొగ్గు మోసుకెళ్లే బాధ తప్పుతుందేమోనని ఆ ప్రభుత్వం ఆశ. ఇంజిన్ ఎంత నెమ్మదిగా, ఎంత మామూలుగా నడిచిందంటే, అందులో ఉన్నది వేరుశనగ నూనె అని చాలామందికి తెలియనే లేదట. తర్వాత 1912లో డీజిలే ఈ సంగతి చెప్పాడు. ఆ మరుసటి ఏడు ఓడలో ఇంగ్లండ్ వెళ్తూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు, అది వేరే కథ. మన కథకు కావలసిన ముక్క ఏమిటంటే, ఆనాటి డీజిల్ ఇంజిన్లలో ఇంధనాన్ని కంప్రెసర్ గాలితో బలంగా ఊదేవారు. నిమిషానికి రెండు వందల చుట్లు తిరిగితే గొప్ప. అలాంటి ఇంజిన్ చిక్కటి నూనెని అరిగించుకుందంటే, నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగే కారు కూడా అరిగించుకుంటుందని ఎలా అంటాం?

ఇంజిన్ కట్టించాకైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. రెండోసారి పద్ధతిగా చేశాను. రెండు ట్యాంకులు పెట్టాను, ఒకటి డీజిల్‌కి, ఒకటి నూనెకి. రేడియేటర్‌కి పోయే వేడినీళ్ల పైపుని నూనె ట్యాంకులోకి చుట్టలా తిప్పాను. ఫిల్టర్‌కీ అలాగే వేడి అందేలా చేశాను. స్టార్ట్ చేయడం డీజిల్‌తో. ఇంజిన్ బాగా కాగాక వాల్వు తిప్పి నూనెకి. ఆపబోయే ముందు ఐదు నిమిషాలు మళ్లీ డీజిల్‌కి, పంపులో నాజిళ్లలో నూనె మిగలకుండా. ఇంజిన్ ఆయిల్ మామూలు కంటే సగం కిలోమీటర్లకే మార్చేవాణ్ని, మార్చిన ప్రతిసారీ వేళ్ల మధ్య రాసి చూసేవాణ్ని. అలా నాలుగేళ్లు నడిచింది. నాలుగేళ్లలో ఇబ్బంది పెట్టింది ఒక్కసారే, అదీ బండి తప్పు కాదు, మా బావమరిది తప్పు. ఓ రాత్రి పనుండి తీసుకెళ్లాడు. ఇల్లు చేరాక డీజిల్‌కి తిప్పకుండానే తాళం తీసేశాడు. "ఆపే ముందు వాల్వు తిప్పు" అని నేను రాసి అంటించిన చీటీ అతని ముక్కు ముందే ఉంది. తెల్లారి ఫోన్, "బావా, సెల్ఫ్ తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు" అని. ఆ వారం ట్యాంకులో ఉన్నది పామాయిల్. వెళ్లి పంపు దగ్గర పైపు విప్పితే లోపలిది కొవ్వొత్తిలా జారి బయటకొచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఫిల్టర్‌కీ పంపుకీ వేడి పట్టిస్తూ ఒక పూటంతా కూర్చున్నాను. చివరికి స్టార్ట్ అయ్యాక అతగాడు, "అంత చిన్న అక్షరాలతో రాస్తే ఎవడికి కనిపిస్తుంది బావా" అని నన్నే తప్పుపట్టాడు.

అంత హడావుడి పడితే పాత ఇంజిన్ నాలుగేళ్లు నడిచింది. ఇప్పుడు మీ కుర్రాడి కారు సంగతి. మోడల్ ఏదో రాయలేదు గానీ, ఫొటో చూస్తే కొత్తదే అనిపించింది. నా టెన్షన్ అంతా అక్కడే. కొత్త డీజిల్ కార్లన్నీ కామన్ రైల్, అంటే అన్ని సిలిండర్లకూ కలిపి ఒకే పైపులో ఇంధనాన్ని ప్రెషర్‌తో నిలవుంచే రకం. ఇంధనాన్ని 1500, 2000 బార్ల ప్రెషర్‌తో, వెంట్రుక కంటే కాస్త లావు కన్నాల్లోంచి, ఒక్కో దఫాకి నాలుగైదు విడతలుగా చిమ్ముతుంది. దాని ఇంజెక్టర్‌ని మేం బల్ల మీద విప్పి గుడ్డతో తుడిచి బిగించే నాజిల్‌తో పోల్చకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ కార్లకు పొగ గొట్టంలో మసి ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు మసిని కాల్చేయడానికి చాలా కార్లలో ఇంజిన్ తనంతట తానే, పిస్టన్ కిందికి దిగుతున్న సమయంలో ఇంకాస్త ఇంధనం చిమ్ముతుంది. అది ఆవిరై పొగతో పాటు ఫిల్టర్ దాకా పోవాలి. వంటనూనె అంత తేలిగ్గా ఆవిరి కాదు కదా, సిలిండర్ గోడకు పట్టి నేరుగా కిందికే దారి చూసుకుంటుంది. నా పాత ఇంజిన్ పొరపాటున జార్చుకున్నదాన్ని ఈ కొత్త ఇంజిన్ తానే లెక్కపెట్టి మరీ జార్చుకుంటుందన్నమాట. నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ కారుకి అంత కూడా పట్టదని నా భయం. అప్పుడు కంపెనీ వాళ్లు వారంటీ కాగితం తీసి చూపిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

వాడేసిన నూనె పోస్తున్నానని కూడా అతను చెప్పినట్టు రాశారు. కొత్త నూనెకన్నా దానితో చాకిరీ ఎక్కువ. అందులో నీళ్లుంటాయి, ఉప్పుంటుంది, మాడిన తునకలుంటాయి, పదేపదే కాగడం వల్ల పుట్టిన ఆమ్లం ఉంటుంది. నేను డ్రమ్ములో పోసి రెండు వారాలు కదపకుండా ఉంచి, అడుగు వదిలేసి పైది తోడుకునేవాణ్ని. తర్వాత బట్ట, ఆ తర్వాత 5 మైక్రాన్ల ఫిల్టర్. నీళ్లు పోయాయో లేదో తెలియాలంటే గరిటెడు నూనెని వంద డిగ్రీలు దాటేలా కాచి చూడాలి. చిటపటమందా, నీళ్లున్నట్టే, ఇంకా ఆగాలి. ఇంకొక్క జాగ్రత్త చెప్పాలి. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేయొద్దు. జిగురయ్యే నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఆ వేడి కుప్పలోంచి బయటికి పోకపోతే అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. ఓ తెల్లవారుజామున నా షెడ్డులో గుడ్డల బకెట్టులోంచి పొగ లేవడం నా కళ్లతో చూశాను. ఆ రోజు నుంచి గుడ్డల్ని విడివిడిగా తీగ మీద ఆరేసేవాణ్ని.

ఇక వార్త చివర "ఇంట్లోనే బయోడీజిల్ కూడా తయారు చేసుకోవచ్చు" అన్న వాక్యం. దీనికే నాకు ఎక్కువ కోపం వచ్చింది. బయోడీజిల్ మంచిదే. నూనె అణువుకి ఒక తల, మూడు తోకలు. మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్), కాస్త కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తే ఆ తల తెగి గ్లిజరిన్‌గా అడుక్కి దిగుతుంది, మూడు తోకలూ విడివిడిగా పైన తేలతాయి, అదే బయోడీజిల్. నూరు కిలోల నూనెకి పది, పదకొండు కిలోల మిథనాల్ పట్టి, ఇంచుమించు నూరు కిలోల బయోడీజిల్ వస్తుంది. చిక్కదనం 4, 5 సెంటీస్టోక్స్‌కి దిగుతుంది, అంటే డీజిల్ పక్కన కూర్చోబెట్టొచ్చు. కొత్త కిటుకేమీ కాదు. 1937లో బెల్జియంలో దీనికి పేటెంటు ఇచ్చారు, మరుసటి ఏడు బ్రస్సెల్స్, లూవెన్ మధ్య పామాయిల్‌తో చేసిన ఇలాంటి ఇంధనంతో బస్సు నడిపారు. ఎవరికైనా నచ్చేదే. కానీ మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది. పగటి వెలుతురులో దాని మంట కంటికి సరిగ్గా ఆనదు, చెయ్యి కాలాకే తెలుస్తుంది. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది. ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి ఎక్కుతుంది. ఇక కాస్టిక్ సోడా కంట్లో పడితే చెప్పక్కర్లేదు. నాకు తెలిసినవాడొకడు వంటింటి పక్కన వరండాలో ప్లాస్టిక్ డ్రమ్ములో కలుపుతూ, "రా అన్నా, చూద్దువు" అని పిలిచాడు. రెండు గదుల అవతల పొయ్యి వెలుగుతోంది. నేను గేటు దగ్గరే ఆగి, ముందు ఆ పొయ్యి ఆర్పమని అరిచాను. పిల్లలున్న ఇళ్లకు కూడా మీ పేపర్ వెళ్తుంది. ఆ ఒక్క వాక్యానికి సవరణ వేయండి.

ఫ్యాక్టరీలో కొలతలతో తయారైన బయోడీజిల్‌ని డీజిల్‌లో కొద్ది శాతం కలిపి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. పైగా గంధకం తీసేసిన ఇప్పటి డీజిల్‌లో తగ్గిన జారుడుతనం దానితో కాస్త తిరిగొస్తుంది, పంపులకు మంచిదే. నూనెని హైడ్రోజన్‌తో శుద్ధిచేసి అచ్చం డీజిల్‌లా మార్చే పద్ధతీ వచ్చింది, అదీ రిఫైనరీ పనే. అయినా నూనె ఎక్కడినుంచి వస్తుందో కూడా చూసుకోవాలి కదా. ఒక ఇల్లు ఏడాదంతా వంటకు వాడే నూనె మొత్తం పోగేసినా కారు ట్యాంకు రెండు మూడుసార్లు నిండితే ఎక్కువ. అందులోనూ చాలా భాగం మనం తినేస్తాం. నలుగురు సరదాపడి నడుపుకోవడానికి చాలుతుంది, ఊరంతటికీ చాలదు.

చివరిగా ఒక కోరిక. వచ్చే ఏడాది ఇదే వారం మీ విలేకరిని మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి పంపండి. ఫొటో తీసే ముందు బానెట్ ఎత్తించి, డిప్‌స్టిక్ లాగి, దాని కొసన ఉన్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్లు మెల్లగా విడదీయమనండి. చుక్క వెంటనే తెగితే ఆ కుర్రాడికి నా తరఫున షేక్‌హ్యాండ్ ఇమ్మనండి. తీగలా సాగితే ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వకుండా నాకు ఫోన్ చేయించండి. చూపు ఆనకపోయినా సంప్ విప్పడం ఇంకా మర్చిపోలేదు. వస్తూ వస్తూ నా గాజు సీసా కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక పాత డీజిల్ పంపు మెకానిక్